చిన్న ఆఫీసులో మొదటి ఫైల్ సర్వర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫైల్ సర్వర్ అంటే ఆఫీసు ఫైళ్లన్నీ ఒకేచోట ఉంచి, అన్ని సిస్టమ్‌ల నుంచీ తెరుచుకునే డబ్బా. ఐదు నుంచి పదిహేను సిస్టమ్‌ల దాకా ఉన్న ఆఫీసుల కోసం రాసినవి ఇవి. ఆడిటర్ ఆఫీసు, ప్రింటింగ్ ప్రెస్, మందుల హోల్‌సేల్ షాపు, సివిల్ ఇంజినీర్ల ఆఫీసు, స్కూల్లో అకౌంట్స్ గది, ఏదైనా సరే. యాభై సిస్టమ్‌లు దాటితే లెక్కలు వేరేగా ఉంటాయి, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు.

మాకు నిజంగా ఫైల్ సర్వర్ అవసరమా?

"ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ సార్ ఓకే అన్నది" అని ఒకే పనికి మూడు ఫైళ్లు మూడు సిస్టమ్‌లలో ఉంటే అవసరమే. అకౌంటెంట్ సెలవు పెట్టిన రోజున ఆయన సిస్టమ్ పాస్‌వర్డ్ కోసం ఫోన్లు మొదలవుతుంటే అవసరమే. పక్క సీటుకి ఫైలు పంపడానికి వాట్సాప్ వాడుతుంటే ఇక అడగక్కర్లేదు. ఇద్దరే మనుషులుండి, అంతా వర్డ్, ఎక్సెల్ పనే అయితే మాత్రం గూగుల్ డ్రైవో వన్‌డ్రైవో చాలు.

అయితే సర్వర్ పెట్టేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఫైళ్లన్నీ ఒకచోటికి చేరిస్తే వెతుక్కోవడం తేలిక, పోతే మాత్రం అన్నీ ఒకేసారి పోతాయి. ఇన్నాళ్లూ ఆరు సిస్టమ్‌లలో చెల్లాచెదురుగా ఉండటం వల్లే ఒక హార్డ్ డిస్క్ పోయినా ఆఫీసు నడిచింది. అందుకే ముందు బ్యాకప్‌కి కావలసిన డబ్బు పక్కన పెట్టి, మిగిలినదాంతో సర్వర్ కొనమంటాను. అమ్మేవాళ్లు దీన్ని తిరగేసి చెబుతారు.

క్లౌడ్ ఉండగా ఆఫీసులో ఇంకో డబ్బా ఎందుకు?

ఫైలు సైజుని బట్టి ఉంటుంది. ఫ్లెక్సీ డిజైన్ 800 ఎంబీ ఉందనుకోండి. ఆఫీసులో గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నెట్‌వర్క్ ఉంటే సర్వర్‌కి పది సెకన్లలోపే చేరుతుంది. 50 ఎంబీపీఎస్ (సెకనుకి దాదాపు 6 ఎంబీ) అప్‌లోడ్ ఉన్న బ్రాడ్‌బ్యాండ్ మీద క్లౌడ్‌కి పంపితే రెండు నిమిషాలు దాటుతుంది. అలాంటివి రోజుకి నలభై ఉంటే? అదే లైను మీద 1 టీబీ పాత డేటా పైకి పంపాలంటే ఆగకుండా దాదాపు రెండు రోజులు పడుతుంది. మధ్యలో నెట్ పోకుండా ఉంటే, ఆ రెండు రోజులూ ఆఫీసులో ఇంకెవరూ నెట్ వాడకుండా ఉంటే.

కాబట్టి కోరెల్, ఫొటోషాప్, ఆటోక్యాడ్, స్కానింగ్ పనులున్నవాళ్లకి ఆఫీసులో సర్వరే మేలు. క్లౌడ్‌ని మూడో కాపీకి వాడుకోండి.

ఏం కొనాలి? నాస్, విండోస్ సిస్టమ్, లేక పాత పీసీలో లినక్స్?

చూసుకునే మనిషి ప్రత్యేకంగా లేని ఆఫీసుకి నాస్, అంటే ఫైళ్లు దాచడానికే తయారుచేసిన, నెట్‌వర్క్‌కి తగిలించే డబ్బా. సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీల రెండు డిస్క్‌ల డబ్బా చాలామందికి సరిపోతుంది. 20 వాట్ల చుట్టూ కరెంటు తింటుంది, చప్పుడు తక్కువ, సెట్టింగులన్నీ బ్రౌజర్‌లోనే. కొనేటప్పుడు ఒక్కటి తప్పకుండా అడగండి: ఈ మోడల్‌లో స్నాప్‌షాట్‌లు ఉన్నాయా? లేకపోతే పైమోడల్ తీసుకోండి. ఎందుకో కింద చెబుతాను.

ఎవరిదో సిస్టమ్‌లో ఫోల్డర్ షేర్ చేసి దాన్నే సర్వర్ అనడం మన దగ్గర మామూలే. ముగ్గురు నలుగురికి నడుస్తుంది కూడా. కానీ ఆ సీటులో కూర్చున్న మనిషి సాయంత్రం షట్‌డౌన్ చేసి వెళ్తే అందరి ఫైళ్లూ వెళ్లినట్టే. పైగా విండోస్ 10, 11 ప్రోలలో ఒకేసారి 20 కనెక్షన్లకే అనుమతి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, దాన్ని నమ్ముకుని కొత్తగా ఏదీ మొదలుపెట్టొద్దు.

పాత పీసీలో ఓపెన్‌మీడియావాల్ట్, ట్రూనాస్ లాంటివి వేసుకోవచ్చు, రెండూ ఉచితమే. ట్రూనాస్‌కి కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలి. చేతనైనవాళ్లు ఆఫీసులోనే ఉంటే ఇది చక్కటి దారి. అది పెట్టినవాడు బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఆ తర్వాత దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు.

హార్డ్ డిస్క్‌లు ఏవి తీసుకోవాలి?

నాస్ కోసమని అమ్మేవే, అందులోనూ సీఎంఆర్ అని ఉన్నవే. సీఎంఆర్‌లో డేటా వరసలు విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్క్‌లలో అవి ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. పెద్ద మొత్తంలో ఆగకుండా రాయాల్సి వచ్చినప్పుడు, అంటే పాడైన డిస్క్ స్థానంలో కొత్తది పెట్టి నింపేటప్పుడు, బాగా నెమ్మదిస్తాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డిస్క్‌లలో కొన్ని ఎస్ఎంఆర్ అని ఒప్పుకున్నాక, సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టింది. సీగేట్‌లో ఐరన్‌వుల్ఫ్ చూడండి.

రెండు డిస్క్‌లూ ఒకే షాపులో ఒకే రోజు కొనకండి. ఒకే బ్యాచ్‌లో తయారైనవి దగ్గర దగ్గరగా పోయే ప్రమాదం ఉంటుంది.

సైజు సంగతికొస్తే, ఇప్పుడున్న డేటా మొత్తానికి మూడింతలు లెక్కేసుకోండి. 4 టీబీ డిస్క్ విండోస్‌లో 3.63 టీబీగానే కనిపిస్తుంది. లెక్కపెట్టే పద్ధతుల తేడా అది, షాపువాణ్ని తిట్టక్కర్లేదు.

రెయిడ్ పెట్టించాం. ఇంక బ్యాకప్ ఎందుకు?

రెయిడ్ అంటే కొన్ని డిస్క్‌లని కలిపి ఒకటిగా వాడే పద్ధతి. రెయిడ్ 1లో రెండు డిస్క్‌ల మీదా ఒకే డేటా ఉంటుంది. ఒక డిస్క్ పోతే రెండోదాంతో పని ఆగకుండా నడుస్తుంది. అది చేసేది అంతే. మీ కుర్రాడు పొరపాటున "2023-24" ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండు డిస్క్‌ల మీద నుంచీ పోతుంది. వైరస్ ఫైళ్లని పాడుచేస్తే రెండు చోట్లా పాడవుతాయి. దొంగ ఎత్తుకుపోతే డబ్బాతో సహా రెండూ పోతాయి. నాలుగు డిస్క్‌లతో రెయిడ్ 5 పెట్టినా ఇదే కథ. నాలుగు 4 టీబీ డిస్క్‌లకి 12 టీబీ చోటు దొరుకుతుంది, ఒక డిస్క్ పోయినా తట్టుకుంటుంది, డిలీట్‌ని మాత్రం తట్టుకోదు.

మరి బ్యాకప్ ఎలా పెట్టుకోవాలి?

మూడు అంచెలు చెబుతాను. మొదటిది స్నాప్‌షాట్. ఫలానా సమయానికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో నాస్ గుర్తుపెట్టుకుంటుంది. మారిన ముక్కలకి మాత్రమే చోటు పడుతుంది కాబట్టి గంటకొకటి తీసినా భారం కాదు. గంటకొకటి చొప్పున రెండు రోజులవి, రోజుకొకటి చొప్పున నెల రోజులవి ఉంచితే చాలు. ఎక్సెల్ షీటుని ఎవరో చెడగొట్టి సేవ్ చేశారా? ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ తెరిస్తే పొద్దున పదకొండు గంటల నాటి ఫైలు అక్కడే ఉంటుంది. చాలా మోడళ్లలో దీనికి నాస్‌లో ఒక సెట్టింగ్ ఆన్ చేయాలి. స్టాఫ్‌కి సర్వర్ మీద నమ్మకం కుదిరేది ఇది చూసినప్పుడే. కాకపోతే స్నాప్‌షాట్‌లు ఉండేది కూడా అదే డిస్క్‌ల మీద. డబ్బా పోతే అవీ పోతాయి.

రెండో అంచె రెండు యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లు. ఒకటి నాస్‌కి తగిలించి ఉంటుంది, రాత్రి దానిలోకి కాపీ అవుతుంది. రెండోది ఓనర్ గారి ఇంట్లో బీరువాలో ఉంటుంది. శనివారం సాయంత్రం మార్చుకోవాలి. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్క్‌ని బ్యాకప్ అనుకోవద్దు, పిడుగుపాటుకైనా దొంగకైనా అది సర్వర్‌తో పాటే పోతుంది. ఇంటికెళ్లే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేయించండి, అంటే పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేనట్టు. ఆడిటర్ ఆఫీసయితే అందులో వందల మంది పాన్, ఆధార్ కాపీలు ఉంటాయి, బస్సులో మర్చిపోతే ఆ తలనొప్పి వేరు. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి డిస్క్ లేని చోట దాచండి. అది పోతే డేటా ఎవరూ తెచ్చిపెట్టలేరు.

మూడోది క్లౌడ్. డేటా అంతా పంపక్కర్లేదు. ట్యాలీ డేటా, అగ్రిమెంట్లు, ఈ ఏడాది పనులు పంపితే చాలు.

ఇంతా చేసి, తిరిగి తీసి చూడకపోతే ఇల్లలకగానే పండగైనట్టే. నెలకోసారి ఇంట్లోని డిస్క్ తెచ్చి, ఏదో ఒక ఫైలుని వేరే సిస్టమ్‌లో తెరిచి చూడండి. కొన్ని బ్యాకప్ ప్రోగ్రాంలు ఫైళ్లని తమ సొంత ఫార్మాట్‌లో దాస్తాయి. మామూలు సిస్టమ్‌కి తగిలిస్తే అర్థంకాని పేర్లే కనిపిస్తాయి, తెరవాలంటే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండాలి. ఈ సంగతి నాస్ బాగున్న రోజుల్లోనే తెలియాలి. కనీసం ఒక డిస్క్ మీదైనా ఫైళ్లు ఫైళ్లలాగే ఉండేట్టు చూసుకోండి.

ర్యాన్సమ్‌వేర్ మాలాంటి చిన్నవాళ్ల జోలికి వస్తుందా?

ర్యాన్సమ్‌వేర్ అంటే ఫైళ్లకి తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వైరస్. అది మనిషిని చూసి రాదు. 2017 మే నెలలో వాన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విండోస్‌లో ఫైల్ షేరింగ్‌కి వాడే ఎస్ఎంబీ పాత వెర్షన్‌లోని లోపంలోంచి దూరింది. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మందు మార్చిలోనే ఇచ్చింది, అప్‌డేట్ వేసుకోనివాళ్లు దొరికిపోయారు. కాబట్టి నాస్‌లో ఎస్ఎంబీ 1 ఆఫ్ చేసి ఉంచండి. పాత జెరాక్స్ మెషీన్‌లో స్కాన్ చేసినవి సర్వర్‌కి పోవడానికి అది కావాలని ఎవరైనా అంటే, స్కాన్‌లని ఈమెయిల్‌కో పెన్‌డ్రైవ్‌కో మళ్లించండి.

మన డిజైనింగ్ సెంటర్లలో ఇంకో దారి ఉంది: క్రాక్. స్టాప్ అనే ర్యాన్సమ్‌వేర్ ప్రధానంగా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లతోనే పాకింది. క్రాక్ నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటారు, ఆపుతాం, ఇక దానికి అడ్డేముంది? ఆ సిస్టమ్‌లో జెడ్ డ్రైవ్‌గా సర్వర్ తగిలి ఉంటే, ఆ యూజర్ రాయగలిగిన ఫైళ్లన్నిటికీ అది తాళం వేసేస్తుంది. ఇక్కడే స్నాప్‌షాట్‌లు ఆదుకుంటాయి. వాటిని చెరపాలంటే నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అందుకే ఆ పాస్‌వర్డ్‌ని ఏ స్టాఫ్ సిస్టమ్ బ్రౌజర్‌లోనూ సేవ్ చేయొద్దు.

కేబుల్, స్విచ్ ఎలాంటివి కావాలి?

సర్వర్ నెమ్మదిగా ఉందని వచ్చే ఫిర్యాదుల్లో సర్వర్ తప్పు ఉండేది తక్కువ. ముందు కేబుల్ చూడండి.

నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. ఈ వెసులుబాటు చూసుకుని ఒకే కేబుల్లో రెండు కనెక్షన్లు లాగడం, మిగిలిన తీగల్లో సీసీ కెమెరాకి కరెంటు ఇవ్వడం, క్రింపింగ్‌లో, అంటే కేబుల్ చివర కనెక్టర్ బిగించేటప్పుడు, నాలుగే తీగలు ఎక్కించడం జరుగుతుంటాయి. నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సిస్టమ్‌లో ఈథర్‌నెట్ సెట్టింగ్స్ తెరిచి లింక్ స్పీడ్ చూడండి. 1000/1000 ఉంటే సరే. 100/100 ఉంటే ఎంత ఖరీదైన నాస్ కొన్నా సెకనుకి 11, 12 ఎంబీకి మించి రాదు. గిగాబిట్‌లో సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది. ఆ సీటు దగ్గర కనెక్టర్ కోసి, ఎనిమిది తీగలూ వరసలో పెట్టి మళ్లీ క్రింప్ చేస్తే చాలాసార్లు సర్వర్‌ని ముట్టుకోకుండానే సమస్య తీరిపోతుంది.

కొత్తగా లాగిస్తే క్యాట్ 6, అసలు రాగిది. అల్యూమినియం తీగ మీద రాగి పూత వేసిన చవక రకాన్ని సీసీఏ అంటారు, బాక్స్ మీద చూసుకోండి. ఒక్కో కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. బ్రాడ్‌బ్యాండ్ వాళ్లిచ్చిన రౌటర్ పోర్టుల మీద ఆధారపడకుండా ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ ఒకటి కొనండి. సర్వర్‌తో పనికి ఇంటర్నెట్ అక్కర్లేదు, నెట్ లేని రోజున కూడా ఫైళ్లు తెరుచుకుంటాయి.

కరెంటు పోయి వచ్చాక జెడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు వస్తోంది. ఎందుకు?

రౌటర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు నాస్‌కి వేరే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తుపట్టే నంబరు) ఇచ్చి ఉంటుంది. సిస్టమ్‌లు పాత అడ్రస్ కోసం వెతుకుతుంటాయి. రౌటర్ సెట్టింగుల్లో నాస్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేయించండి, తీరిపోతుంది.

ఇన్వర్టర్ ఉంది కదా, యూపీఎస్ ఎందుకు?

బ్యాటరీ అయిపోతోందని ఇన్వర్టర్ నాస్‌కి చెప్పలేదు. ఎండాకాలం మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోతే, ఫ్యాన్లతో పాటు సర్వర్ కూడా రాసే పనిలో ఉండగానే టక్కున ఆగిపోతుంది. యూఎస్‌బీ పోర్టున్న 600 వీఏ యూపీఎస్ కొని, ఆ కేబుల్‌ని నాస్‌కి పెట్టి, ఇన్ని నిమిషాల తర్వాత దానంతటదే ఆగిపోవాలని సెట్ చేయండి. చవక యూపీఎస్‌లకి ఈ పోర్ట్ ఉండదు, చూసి కొనాలి. మీ నాస్ ఏ యూపీఎస్‌లని గుర్తుపడుతుందో కంపెనీ సైట్‌లో జాబితా ఉంటుంది. స్విచ్‌ని కూడా యూపీఎస్ మీదే పెట్టండి.

ట్యాలీ డేటా సర్వర్‌లో పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కొన్ని జాగ్రత్తలతో. ఒకరికంటే ఎక్కువమంది వాడాలంటే గోల్డ్ లైసెన్స్ కావాలి, సిల్వర్ ఒక్క సిస్టమ్‌కే. డేటా ఫోల్డర్‌ని తెరిచే ప్రతి సిస్టమ్‌కీ కేబులే ఉండాలి. ల్యాప్‌టాప్‌లో వైఫై మీద ఎంట్రీలు వేస్తుండగా సిగ్నల్ తెగితే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. కంపెనీ డేటా పెద్దదైతే నాస్ మీద నెమ్మదించవచ్చు. అప్పుడు ట్యాలీ డేటాని ఒక మంచి విండోస్ సిస్టమ్‌లోనే ఉంచి, రాత్రి నాస్‌కి కాపీ తీసుకోవడం మేలు.

చాలామందికి తెలియనిది ఒకటుంది. ట్యాలీలో ఎంట్రీ వేయాలంటే ఆ యూజర్‌కి డేటా ఫోల్డర్ మీద రాసే హక్కు ఉండాలి. అంటే 10000, 10001 అని అంకెలతో కనిపించే ఆ కంపెనీ ఫోల్డర్లని అదే మనిషి డిలీట్ కూడా చేయగలడు. ట్యాలీ లోపల పెట్టిన పాస్‌వర్డ్ దీన్ని ఆపదు. ఇది ఆపడానికే ట్యాలీవాళ్లు సర్వర్ అనే వేరే ఉత్పత్తి అమ్ముతారు. అంత ఖర్చు వద్దనుకుంటే స్నాప్‌షాట్‌లే దిక్కు. బ్యాకప్ టైము అందరూ ట్యాలీ మూసేశాక ఉండేట్టు పెట్టండి.

అందరికీ ఒకే లాగిన్ ఇస్తే సులువు కదా?

మొదటి వారం సులువే. ఒకరు మానేసిన రోజున అందరి పాస్‌వర్డూ మార్చాలి. ఫోల్డర్ మాయమైతే ఎవరు తీశారో లాగ్‌లో తెలియదు. మనిషికో లాగిన్ ఇవ్వండి. హక్కులు మాత్రం మనుషులకి విడివిడిగా ఇవ్వకుండా అకౌంట్స్, డిజైన్, ఆఫీస్ అని గ్రూపులకి ఇచ్చి, మనుషుల్ని గ్రూపుల్లో వేయండి. జీతాల షీటు ఉన్న ఫోల్డర్‌ని అకౌంట్స్ గ్రూపులో కాకుండా వేరుగా పెట్టండి, కారణం చెప్పక్కర్లేదు.

ఓనర్ గారికి కూడా రోజువారీ పనికి మామూలు లాగిన్ చాలు. "నా ఆఫీసు, నాకు అన్నీ కనపడాలి" అంటారు. కనపడొచ్చు, చూసే హక్కు ఇవ్వండి. అన్నీ చెరిపే హక్కు ఆయన సిస్టమ్‌కి కూడా ఉండకపోవడమే ఆయనకి మంచిది.

ఒకే సిస్టమ్ నుంచి ఒకే సర్వర్‌కి ఒకేసారి రెండు లాగిన్‌లు విండోస్ ఒప్పుకోదు. పాత కనెక్షన్ తీసేసి కొత్త పేరుతో తగిలించాలి.

విండోస్ అప్‌డేట్ అయ్యాక పాత నాస్ తెరుచుకోవడం లేదు, ఏం చేయాలి?

విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు మామూలుగా తెరుచుకోవు, ఎస్ఎంబీ సైనింగ్ (ఫైల్ షేరింగ్‌లో వచ్చే సందేశాలు అసలైనవో కాదో సరిచూడటం) కూడా తప్పనిసరి చేశారు. యూట్యూబ్‌లో చూసి ఆ రక్షణలు ఆపేయొద్దు. నాస్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి, నాస్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి.

ఫైళ్లకి తెలుగులో పేర్లు పెట్టవచ్చా?

నిక్షేపంగా, యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతి) అయితే. చిన్న పరిమితి ఉంది. నాస్‌లలో వాడే లినక్స్ ఫైల్ సిస్టమ్‌లలో ఒక పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు. అందులోనూ ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అన్నదానికి ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. ఆ లెక్కన పేరు 85 గుర్తుల్లో ముగియాలి. సైనాలజీలో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్ అయితే 143 బైట్లే, అంటే 47 గుర్తులు. పెళ్లికార్డు ఫైలుకి వధూవరులిద్దరి పేర్లూ ఇంటిపేర్లతో సహా ఊరితో కలిపి పెట్టే ప్రెస్‌లకి ఇది తగులుతుంది. కాపీ కావడం లేదని ఎర్రర్ వస్తే ముందు పేరు కుదించి చూడండి.

తేదీని పేరు మొదట్లో సంవత్సరం, నెల, రోజు వరసలో పెడితే ఫైళ్లు వాటంతటవే వరసగా నిలుస్తాయి.

ఇంటి నుంచి ఫైళ్లు చూడాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ చేయించాలా?

వద్దు. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే రౌటర్‌లో దారి తెరిచి, నాస్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి కనపడేలా చేయడం. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ర్యాన్సమ్‌వేర్, నేరుగా ఇంటర్నెట్‌లో కనబడుతున్న క్యూనాప్ నాస్‌లని వెతికి మరీ తాళాలు వేసింది. టెయిల్‌స్కేల్, వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్, అంటే మీ మనుషులకి మాత్రమే తెరుచుకునే రహస్య దారి, పెట్టుకుంటే నాస్ బయటి ప్రపంచానికి కనపడదు. పైగా మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి బయటి నుంచి చేరుకోగలిగే సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, పోర్ట్ తెరిచినా పని చేయదు. టెయిల్‌స్కేల్ అక్కడ కూడా నడుస్తుంది.

పాత లెక్కలు ఎన్నేళ్లు ఉంచాలి?

జీఎస్టీ రికార్డులని ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. 2024-25కి గడువు 2025 డిసెంబర్ 31 కాబట్టి 2031 డిసెంబర్ దాకా. కేసు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. కంపెనీగా రిజిస్టర్ అయితే లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. వాటి బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లోకి వెళ్లాలని నిబంధన. ప్రొప్రయిటర్‌షిప్, పార్ట్‌నర్‌షిప్ వాళ్లు తమ ఆడిటర్ గారిని అడగండి.

సర్వర్ ఎక్కడ పెట్టాలి?

గాలి ఆడే చోట, నేలకి అడుగున్నర పైన, తాళం పడే గదిలో. దేవుడి పటం పక్కన వద్దు, అగరుబత్తి పొగ, మసి ఫ్యాన్‌లోకి పోతాయి. గోడౌన్‌లో ఎలుకలుంటే కేబుల్‌ని పైపులో లాగించండి.

పెట్టించాక ఎవరు చూసుకోవాలి?

ఆఫీసులో ఒకరి పేరు చెప్పండి, ఇద్దరిది వద్దు. వారానికి పది నిమిషాల పని: రాత్రి బ్యాకప్ అయిందా, డిస్క్‌ల ఆరోగ్యం బాగుందా, ఎంత చోటు మిగిలింది, అప్‌డేట్‌లు ఏమైనా ఉన్నాయా. డిస్క్ పాడయ్యే సూచనలుంటే నాస్ ఈమెయిల్ పంపుతుంది. ఆ మెయిల్ అడ్రస్ పెట్టకుండా వదిలేస్తే, ఒక డిస్క్ పోయిన సంగతి రెండోది పోయాకే తెలుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసినతను వెళ్లేముందు నాస్ అడ్మిన్, రౌటర్, క్లౌడ్ బ్యాకప్ ఖాతా, ఈ మూడింటి పాస్‌వర్డ్‌లూ మీ చేతికి రావాలి. ఆ ఖాతాలు మీ ఫోన్ నంబరు, మీ ఈమెయిల్ మీదే తెరవాలి, అతని జీమెయిల్ మీద కాదు. అతని ముందే ఆ మూడింట్లోకీ మీరు స్వయంగా లాగిన్ అయి చూసుకుని, ఆ తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి.